భవానీపురంలో స్ప్లిట్ ఏసీ ఫిట్టింగ్ చేయించుకున్నాం, ఎలా చేశారంటే

ఏసీ కొనేటప్పుడు అందరూ ఏ బ్రాండ్ మంచిదనే అడుగుతారు, బిగించేవాళ్ళ గురించి మాత్రం ఒక్కరూ అడగరు. మాది పై ఫ్లోర్, పైన ఉత్త డాబా, స్లాబు పగలంతా కాగి రాత్రి పదకొండింటికి కూడా వేడి దింపుతూనే ఉంటది, బెజవాడ వాళ్ళకి రోహిణి కార్తె సంగతి నేను కొత్తగా చెప్పేదేముంది. అందుకే గది చిన్నదైనా 1 టన్ను చాలదని 1.5 టన్ను ఇన్వర్టర్ తీసుకున్నాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కాబట్టి రేటు కూడా కొంచెం కలిసొచ్చింది.

షాపు నుంచి ఇద్దరు కుర్రాళ్ళొచ్చారు. గోడకి కన్నం బానే పెట్టారు, లోపల్నుంచి బయటికి కాస్త వాలుగా, అలా ఉంటేనే వాన నీళ్ళు లోపలికి రావు. అవుట్‌డోర్ యూనిట్‌ని మాత్రం పడమటి వైపు సజ్జ మీద పెట్టేస్తామన్నారు, సాయంత్రం దాకా ఎండ మొత్తం దాని నెత్తినే, మేం ఒప్పుకోలేదు, ఉత్తరం గోడకి స్టాండ్ కొట్టించాం. దానికి డబ్బాలో వచ్చిన 3 మీటర్ల కాపర్ సరిపోలేదు, ఎక్స్‌ట్రా మీటరుకి 900 తీసుకున్నారు, సర్లే.

అసలు గొడవ పైపులు కలిపాక. పైపుల్లో గాలి, తేమ లాగేసే వ్యాక్యూమ్ పంపు ఏది బాబూ అంటే, "అవసరం లేదు సార్, గ్యాస్ కొంచెం వదిలితే గాలంతా పోద్ది, అందరికీ ఇంతే" అన్నాడు. అందరికీ ఇంతే అయితే మాకూ ఇంతేనా? గాలి లోపల ఉండిపోతే ప్రెజర్ పెరిగి కరెంటు ఎక్కువ లాగుద్ది, కూలింగ్ తగ్గుద్ది, తేమ మిగిలితే కంప్రెసర్ ఆయిల్‌ పాడవుద్ది, అసలే కృష్ణ పక్కన ఉన్న ఊరు, ఉక్క మనకి తెలియనిదా. పైగా ఇందులో ఉన్నది ఆర్32, కొద్దిగా మండే రకం గ్యాసు, దాన్ని అలా బయటికి వదలడమేంటి. వ్యాక్యూమ్ చెయ్యలేదని వారంటీ కార్డు మీద రాసి సంతకం పెట్టు అన్నా, అంతే, వాళ్ళ సూపర్‌వైజర్‌కి ఫోన్ వెళ్ళింది.

మర్నాడు ఒక సీనియర్ మెకానిక్ వచ్చాడు పంపుతో సహా. ఈ రివ్యూలో మార్కులన్నీ ఆయనకే. వచ్చీ రాగానే నట్లు విప్పి చూసి, ఒక కాపర్ చివర చీలిందని ఆ ముక్క కోసేసి మళ్ళీ ఫ్లేర్ కొట్టాడు (అంటే నట్టులో బిగుతుగా కూర్చునేలా పైపు చివర గరాటులా వెడల్పు చెయ్యడం), పంపు పెట్టి అరగంట దాకా ఉంచాడు, ఆపాక గేజ్ ముల్లు కదులుతుందేమో (కదిలితే లీకున్నట్టే) అని టీ కూడా వద్దని కూర్చున్నాడు, తర్వాత గ్యాస్ వదిలి జాయింట్లకి సబ్బు నురగ రాసి చూశాడు. ఒక్క మాట విసుక్కోలేదు.

కరెంటు పాయింటు షాపు వాళ్ళ పని కాదు, ముందే ఎలక్ట్రీషియన్‌తో మీటర్ బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం వైరు లాగించి 20 యాంప్స్ ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చి) పెట్టించుకోండి, లేదంటే వాళ్ళొచ్చి చూసి వెళ్ళిపోతారు.

కూలింగ్ సూపర్. ఆన్ చెయ్యగానే 24 చూపిస్తది, 2020 నుంచి స్టార్ రేటింగ్ రూమ్ ఏసీలన్నిటికీ అదే డిఫాల్ట్, మేం మాత్రం 26 పెట్టి ఫ్యాన్ రెండులో వేస్తున్నాం, దుప్పటి కావాల్సొస్తంది.

డ్రెయిన్ పైపు ఒక్కటే ఎవరూ పట్టించుకోలేదు. గాల్లో వదిలేస్తే ఆ నీళ్ళన్నీ కింద పోర్షన్ పిన్నిగారు ఎండబెట్టిన గుమ్మడి వడియాల మీద పడ్డాయి, ఆవిడ మెట్లెక్కి వచ్చి అన్న మాటలు ఇక్కడ రాయలేను. షాపు మనిషిని మళ్ళీ పిలిపించి బాత్రూం గొట్టం దాకా పొడిగించాం, దానికి ఇంకో 250 తీసుకున్నాడు, బిల్లు వాట్సాప్‌లో పెడతానన్నాడు, ఇప్పటికీ పెట్టలేదు.