బోర్డు తుడిచేలోగా: పెదవాల్తేరులో ఒక దస్తూరి తరగతి

పెదవాల్తేరులో ఒక పాత మేడ పై అంతస్తులో, పదవీ విరమణ చేసిన ఒక తెలుగు మాస్టారు సాయంత్రం పూట నడిపే దస్తూరి తరగతికి మా అబ్బాయిని 2021 నవంబరు నుంచి 2022 ఏప్రిల్ చివరి వరకు, అంటే ఆరు నెలలపాటు పంపించాము. మాస్టారి పేరు ఇక్కడ రాయడం లేదు. ఉన్నవి పదహారు బల్లలేననీ, ఎక్కువ మంది వచ్చిపడితే కూర్చోబెట్టే చోటు లేదనీ ఆయనే అన్నారు. అయినా, కరోనా తరవాత బడులు తెరిచినప్పటి నుంచి దస్తూరి తరగతుల బోర్డులు విశాఖలో ఎటు చూసినా కనిపిస్తున్నాయి కాబట్టి, ఇలాంటి చోట కట్టే రుసుముకు ఏమి దక్కుతుంది, ఏమి దక్కదు అని ఆలోచించే తల్లిదండ్రులకు మా అనుభవం పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూసేనాటికి మా వాడు ఒకటో తరగతిలో ఉన్నాడు. పరీక్షలేవీ లేకుండానే రెండో తరగతిలోకి వచ్చాడు, ఆ రెండో తరగతి అంతా వాళ్ళ నాన్న పాత ఫోనులో గడిచిపోయింది. 2021 ఫిబ్రవరి 1న ఒకటి నుంచి అయిదు తరగతుల వారికి బడులు తెరిచినా, ఇంట్లో మా అత్తగారు, మామగారు ఉన్నారన్న భయంతో మేము పంపలేదు. ఏప్రిల్ 20 నుంచి ఎలాగూ మళ్ళీ మూసేశారు. ఆగస్టు 16న బడులు తిరిగి తెరిచినప్పుడు మా వాడు నేరుగా మూడో తరగతి గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. బల్ల మీద పుస్తకం పెట్టుకుని, పక్కవాడి మోచేయి తగులుతుండగా, ఎదుటి బోర్డు చూసి రాయడం అలవడవలసిన వయసులో ఏడాదిన్నర ఆ అలవాటే లేకుండా పోయింది.

పాఠాలు వాడికి అర్థం కావడం లేదని అనలేను. ఎక్కాలు నోటికి వచ్చు, కథ చెబితే తిరిగి చెప్పగలడు. కాని సెప్టెంబరు నెలలో వాడి డైరీలో 'క్లాస్ వర్క్ పూర్తి చేయలేదు' అన్న మాట పదకొండు సార్లు కనిపించింది. ఎందుకు పూర్తి చేయలేదని అడిగితే ఒకటే జవాబు: "మేడమ్ బోర్డు తుడిచేశారు." ఇది సాకు అనుకుని నేను రెండు మూడు సార్లు కోప్పడ్డాను. అది సాకు కాదని తెలిసేసరికి చాలా రోజులు పట్టింది. ఫోనులో పాఠం విన్న రోజుల్లో వాడికి బోర్డు తుడిచేయడం అన్నదే లేదు. టీచరు రాసిన నోట్సు ఫోటోలుగా వాట్సాప్ గ్రూపులోకి వచ్చేవి, అవి ఎక్కడికీ పోయేవి కావు. అన్నం తిన్నాక రాసుకోవచ్చు, రేపు రాసుకోవచ్చు, నిజం ఒప్పుకోవాలంటే అమ్మ చేత కూడా రాయించుకోవచ్చు. వాడి రెండో తరగతి తెలుగు నోటు పుస్తకంలో చివరి ఇరవై పేజీల్లో ఉన్నది నా దస్తూరే. వాటిలో కొన్నింటికి నాకు 'గుడ్' కూడా వచ్చింది.

ఈ తరగతికి ముందు ఒక ఆన్‌లైన్ దస్తూరి కోర్సుకు మూడు నెలలకు 4,500 రూపాయలు కట్టాము. ఫోను అలవాటు వల్ల వచ్చిన ఇబ్బందికి మళ్ళీ ఫోనునే మందుగా కొనుక్కున్నామని మూడో వారంలో అర్థమై మానేశాము. దాని గురించి ఇంతకు మించి చెప్పవలసినది లేదు.

మాస్టారి తరగతి సోమవారం నుంచి శుక్రవారం వరకు సాయంత్రం అయిదున్నరకు మొదలై ఆరున్నరకు ముగుస్తుంది. మేము పంపినప్పుడు నెలకు 800 రూపాయలు. మొదటి పది నిమిషాలు పిల్లలను పెన్సిలు ముట్టుకోనివ్వరు. వేళ్ళు ముడిచి విప్పడం, గాలిలో పెద్ద పెద్ద సున్నాలు చుట్టడం, భుజాలు వదులు చేసుకోవడం మాత్రమే ఉంటాయి. తరవాత చేతికి పలక వస్తుంది. మూడో తరగతి పిల్లవాడికి పలకేమిటని నేను మొదట చిన్నబుచ్చుకున్న మాట వాస్తవం. ఫోను అద్దం మీద వేలు జారించడానికి బలం అక్కరలేదనీ, బలపం అలా కాదనీ, నొక్కితేనే గీత పడుతుందనీ, ఎంత నొక్కాలో చేతికి తెలియని పిల్లలు పెన్సిలు మొన విరగ్గొట్టడమో, కనిపించీ కనిపించనట్టు రాయడమో చేస్తున్నారనీ ఆయన వివరించారు. మా వాడు మొదటి రకం. బడి తెరిచిన తొలి రెండు నెలల్లో వారానికి మూడు పెన్సిళ్ళు కొన్నాము.

పలక నుంచి పుస్తకానికి రావడానికి మూడు వారాలు పట్టింది. తెలుగు అక్షరాలను మాస్టారు వర్ణమాల వరుసలో కాకుండా పోలికను బట్టి దిద్దిస్తారు: వ, ప, ష ఒక జట్టు, ద, డ, ధ, థ మరొక జట్టు. మ రాయబోయి య రాసే పిల్లలకు ఆ రెండింటినీ పక్కపక్కన రాయించి, చెయ్యి ఎక్కడ తిరిగితే ఏది అవుతుందో వాళ్ళ చేతనే చెప్పిస్తారు. ఒత్తుల దగ్గర ఆయన చూపిన శ్రద్ధ నాకు అన్నింటికన్నా నచ్చింది. మా వాడు ఒత్తును అక్షరం కింద కాకుండా పక్కన పెట్టేవాడు. 'అమ్మ' అన్న మాట సగం గీతను ఆక్రమించేది. ఇరుకు గీతల పుస్తకంలో పై వరుస ఒత్తులు కింది వరుస తలకట్లను ఢీకొంటాయి కాబట్టి, పిల్లవాడు తనకు తెలియకుండానే వాటిని పక్కకు నెట్టేస్తున్నాడని మాస్టారు చెప్పేవరకు నాకు తట్టలేదు. వెడల్పు గీతల పుస్తకం కొన్న వారానికే ఒత్తు తన చోటికి వచ్చింది. ఇది ఎవరైనా ఇంట్లో చేసుకోదగిన పని, దీనికి ఏ తరగతీ అక్కరలేదు.

సముద్రం దగ్గర కావడం వల్ల ఆ మేడ మీద ఉక్కపోత ఎక్కువ. మార్చి వచ్చేసరికి పిల్లల ముంజేతి చెమటకు కాగితం తడిసి, పెన్సిలు గీత పాకేది. ప్రతి బల్ల మీదా చేతి కింద వేసుకోవడానికి ఒక మడత పెట్టిన నూలు గుడ్డ ఉంటుంది. మా వాడు ఆ అలవాటును బడికి కూడా తీసుకుపోయాడు. ఇప్పుడు వాడి పెట్టెలో రబ్బరు మరిచిపోయినా గుడ్డ మాత్రం మరిచిపోడు.

ఇక మేము నిజంగా రుసుము కట్టినది చివరి ఇరవై నిమిషాలకు. మాస్టారు నల్లబల్ల మీద నాలుగు వాక్యాలు రాస్తారు, ఫలానా సమయానికి తుడిచేస్తానని ముందే చెబుతారు, చెప్పినట్టే తుడిచేస్తారు. మొదటి వారం పది నిమిషాల గడువు, తరవాత తొమ్మిది, ఎనిమిది. ఏడ్చినా, బతిమాలినా ఆ గడువు మారదు. అయితే మిగిలిపోయిన వాక్యానికి తిట్టు కూడా ఉండదు. దీనికి తోడు చింతపిక్కల ఆట ఒకటి ఉంది. ఒకరు రాస్తుంటే పక్కన కూర్చున్నవారు, రాసేవారు బోర్డు వైపు తల ఎత్తిన ప్రతిసారీ ఒక చింతపిక్క గిన్నెలో వేస్తారు. అక్షరానికొకసారి తల ఎత్తే పిల్లవాడు ఎంత వేగంగా రాసినా వెనకబడిపోతాడు, మాటను గాని, రెండు మాటలను గాని మనసులో పట్టుకుని తల దించేవాడు తీరికగా రాసి కూడా ముందే ముగిస్తాడు. మొదటి రోజు ఒక్క వాక్యానికి మా వాడి గిన్నెలో ఇరవై మూడు పిక్కలు పడ్డాయి. సంక్రాంతి సెలవుల తరవాత అదే పొడవున్న వాక్యానికి ఏడు. ఫిబ్రవరి నెల డైరీలో 'పూర్తి చేయలేదు' అన్న మాట రెండు సార్లే వచ్చింది.

ఈ ఆట వల్ల కలిగిన మరో మేలు నేను ఊహించినది కాదు. పిక్కలు లెక్కపెట్టే పిల్ల లెక్క తప్పితే రాసేవాడు అభ్యంతరం చెప్పాలి, ఆమె ఒప్పుకోవాలి, లేదా వాదించాలి. ఫోను తరగతుల్లో వీళ్ళందరి నోళ్ళూ మ్యూట్‌లో ఉండేవి. తిరిగి బడికి వచ్చాక కొందరు ఒకేసారి మాట్లాడేసేవారు, కొందరు పెన్సిలు విరిగినా పక్కవాడిని అడగలేక ఊరికే కూర్చునేవారు. మాస్టారి దగ్గర రబ్బర్లు, చెక్కుడు మరలు అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి. కావలసినవారు పేరు పెట్టి పిలిచి, నోరు తెరిచి అడిగి తీసుకోవాలి. మా వాడు తొలి వారంలో ఒక సాయంత్రమంతా విరిగిన పెన్సిలుతో కూర్చున్నాడని మాస్టారు నాకు చెప్పారు. తనే చెక్కి ఇవ్వలేదని కూడా ఆయనే చెప్పారు. ఆ రోజు నాకు కష్టమనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు.

లోపాలు లేకపోలేదు. అన్నింటికన్నా వింతైనది, రోజూ రాత్రి తొమ్మిది లోపు ఇంటిపని పేజీని ఫోటో తీసి గ్రూపులో పెట్టాలన్న నియమం. పిల్లవాడిని ఫోను నుంచి దూరం చేయడానికి మేడ ఎక్కించి, దిగగానే మళ్ళీ ఫోను చేతికివ్వడం ఏమి న్యాయమో నాకు బోధపడలేదు. పైగా పదిహేను పేజీలు వరసగా కనిపించేసరికి తల్లులమంతా ఎవరి పిల్లల దస్తూరి బాగుందో పోల్చుకోవడం మొదలుపెట్టాము. "మాస్టారూ, పుస్తకంలో మీరు సంతకం పెడితే సరిపోదా?" అని అడిగితే, "సరే అమ్మా, మీ వాడికి అలాగే చేద్దాం" అన్నారు గాని, మిగిలినవారికి ఆ నియమం అలాగే ఉంది. ఆయన సొంతంగా అచ్చు వేయించిన కాపీ పుస్తకాన్ని 250 రూపాయలకు తప్పనిసరిగా కొనవలసి వచ్చింది. బజారులో దొరికే రెండు గీతల పుస్తకానికీ దానికీ నాకు తేడా కనిపించలేదు. వారంలో మూడు రోజులు ఇంగ్లీషుకే పోతాయి, తెలుగుకు రెండు రోజులే. జ్వరం వచ్చి పది రోజులు మానినా రుసుము తగ్గదు. మెట్లు ఇరుకు, వీధి ఇంకా ఇరుకు. స్కూటరు వీధి మొదట్లోనే వదిలి నడవడం మేలు.

అయితే వీటికన్నా పెద్ద లోటు ఒకటి ఉంది, అది మాకు మార్చిలో గాని తెలియలేదు. బడిలో తెలుగు టీచరు 'ఆదివారం నేను ఏమి చేశాను' అన్న అంశం మీద అయిదు వాక్యాలు రాయమన్నారు. మా వాడు ఆ ఆదివారం బీచ్ రోడ్డులో జలాంతర్గామి మ్యూజియం చూసి వచ్చాడు, లోపల ఎన్ని మంచాలున్నాయో, ఎక్కడ తల వంచుకోవాలో ఇల్లంతా తిరిగి చెప్పాడు. తరగతిలో మాత్రం తేదీ, శీర్షిక ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, పెన్సిలు పక్కన పెట్టి, "టీచర్, ఎక్కడ చూసి రాయాలి?" అని అడిగాడట. చూచిరాతలో వాడిని మించినవాడు లేడు, చెప్పింది విని రాయడంలోనూ తప్పులు తగ్గాయి. తన తలలో ఉన్న మాటను కాగితం మీదకు దించడం మాత్రం ఆ మేడ మీద ఎవరూ నేర్పలేదు. మాస్టారితో అంటే, అది తన పని కాదని నిక్కచ్చిగా చెప్పారు. ఆ నిక్కచ్చితనాన్ని గౌరవిస్తాను, కాని తరగతి గుమ్మం దగ్గర వేలాడే బోర్డు మీద 'రాతలో సంపూర్ణ శిక్షణ' అని ఉండడం అప్పుడు సరికాదు. మా మామగారు ఇప్పుడు రోజూ రాత్రి వాడి చేత శ్రీకాకుళంలో ఉన్న తన తమ్ముడికి కార్డు ముక్కంత ఉత్తరం రాయిస్తున్నారు. మొదటి ఉత్తరంలో రెండు వాక్యాలు, ఆరు తప్పులు. జవాబు మాత్రం వచ్చింది.

పెద్ద పిల్లలకు ఆదివారం ఉదయం విడిగా ఒక తరగతి ఉంది. మేము వాడుకోలేదు కాబట్టి దాని మీద తీర్పు చెప్పను, కాని అది ఎందుకు నిండిపోయిందో ఊహించగలను. 2020లోనూ 2021లోనూ మన రాష్ట్రంలో పదో తరగతి పరీక్షలు జరగలేదు. 2022 ఏప్రిల్ చివర మళ్ళీ మొదలై, జూన్‌లో ఫలితాలు వచ్చేసరికి ఉత్తీర్ణత 67.26 శాతం దగ్గర ఆగింది. 2019లో అది 94.88 శాతం. ఈ తేడాకు చాలా కారణాలు చెప్పారు, దస్తూరి ఒక్కటే కారణమని అనడం అమాయకత్వం. అయినా రెండేళ్ళపాటు పేజీన్నర కూడా ఏకబిగిన రాయని పిల్లలు మూడు గంటలు కూర్చుని రాయవలసి వచ్చినప్పుడు చెయ్యి ఏమవుతుందో మాకు మూడో తరగతిలోనే తెలిసింది. ఆదివారం పిల్లల చేత మాస్టారు గంటన్నర ఆపకుండా రాయిస్తారట. పక్క ఇంటి అమ్మాయి మొదటి ఆదివారం ఇంటికి వచ్చి, చెయ్యి గోరువెచ్చని నీళ్ళలో పెట్టుకుని కూర్చుంది.

రెండు నుంచి అయిదో తరగతి లోపు పిల్లలు, క్లాస్ వర్క్ పూర్తి కాక రోజూ దిగాలుగా ఇంటికి వస్తున్నవారు, మూడు నెలలు ఇక్కడికి వస్తే మేలు కనిపిస్తుందని నమ్మకంగా చెబుతాను. అంతకు మించి ఆరు నెలలు పంపడం మా విషయంలో అనవసరమైంది. నాలుగో నెల నుంచి వాడు నేర్చుకున్నదాన్నే అందంగా చేస్తూ పోయాడు. కేవలం అక్షరాలు గుండ్రంగా ఉండాలన్నదే కోరిక అయితే, పలక, వెడల్పు గీతల పుస్తకం, గుప్పెడు చింతపిక్కలు ఇంట్లో పెట్టుకుంటే చాలు. ఎడమచేతితో రాసే పిల్లలున్నవారు మాత్రం ముందుగా వెళ్ళి చూడండి: వారిని వరసకు ఎడమ చివర కూర్చోబెడుతున్నారు, చెయ్యి మార్చమని ఒత్తిడి చేయడం నాకు కనిపించలేదు.

2022 జూలై 5న బడులు తెరిచాక మా వాడు నాలుగో తరగతికి వెళ్ళాడు. వారానికి రెండు రోజులు, తెలుగు రోజుల్లో మాత్రమే పంపుతామంటే మాస్టారు మొదట కుదరదన్నారు, తరవాత 400 రూపాయలకు ఒప్పుకున్నారు. చేర్పించాలనుకునేవారు అయిదుంబావుకల్లా మేడ కింద ఉండాలి, అయిదున్నర దాటితే గొళ్ళెం పెట్టేస్తారు. పలక మీరే తెచ్చుకోవాలి, చింతపిక్కలు అక్కడ ఉన్నాయి.