ఏడేళ్లుగా వింటున్న ‘శాక్సాఫోన్ కొలాసస్’

జాజ్ అంటే హోటల్ లాబీలో వినీ వినపడకుండా మోగే సంగీతం అనుకునేవాణ్ని. ఏడేళ్ల కిందట అమెరికన్ శాక్సాఫోన్ కళాకారుడు సోనీ రోలిన్స్ సీడీ ఇది కొన్నాక ఆ మాట అనడం మానేశాను. డబ్బా మూత ఎప్పుడో విరిగిపోయింది, సీడీ మాత్రం ఇంకా తిరుగుతోంది.

కొత్తవాళ్లకు నేను దీన్నే ఇవ్వడానికి కారణం మొదటి పాట, ‘సెయింట్ థామస్’. రోలిన్స్ చిన్నప్పుడు అమ్మ నోట విన్న కరీబియన్ బాణీ అది. రెండోసారి వినేసరికే మీరూ కూనిరాగం తీస్తారు. ఆ తర్వాత అతను రెండంటే రెండు స్వరాలు పట్టుకుని, అటు విసిరి ఇటు విసిరి, కాసేపు మనల్ని ఆటపట్టిస్తాడు. కర్ణాటక కచేరీలో ఒకే పంక్తిని రకరకాలుగా తిప్పి పాడే నెరవల్ విన్న చెవికి ఇది పరాయిగా అనిపించదు. మధ్యలో మాక్స్ రోచ్ డ్రమ్స్ ఒంటరిగా మోగుతాయి. కచేరీలో మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనం వినేటప్పుడు చేత్తో తాళం వేసుకున్నట్టే, అక్కడ మనసులో పల్లవి పాడుకుంటూ వినండి. పాట ఎక్కడా ఆగలేదని తెలుస్తుంది.

‘మోరిటాట్’ కూడా తేలిగ్గానే ఎక్కుతుంది. 1928 నాటి జర్మన్ నాటకంలో ఒక హంతకుడి మీద కట్టిన పాటను ఇంత నింపాదిగా, నవ్వుతున్నట్టు వాయించడం అతనికే చెల్లింది. ‘స్ట్రోడ్ రోడ్’ మాత్రం మొదట్లో దాటేసేవాణ్ని, పరుగు ఎక్కువ. తర్వాత గమనించాను, ఒకచోట పియానో, డ్రమ్స్ తప్పుకుని శాక్సాఫోన్‌కు మంద్రంగా మోగే పెద్ద తంత్రీవాద్యం బేస్ ఒక్కటే తోడుంటుంది. ఇప్పుడు ఆ కాస్త కోసమే వింటాను.

లోపాలూ ఉన్నాయి. ఇది మోనో రికార్డింగు, అంటే రెండు చెవులకూ ఒకే ధ్వని, హెడ్‌ఫోన్లలో అంతా నడినెత్తిన మోగుతుంది. స్పీకర్లో వింటేనే బాగుంటుంది. టామీ ఫ్లానగన్ పియానో కాస్త వెనక పడినట్టుంటుంది. మొత్తం కలిపి 40 నిమిషాలే. అయితే రికార్డింగ్ ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ దీన్ని అమెరికాలో న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో, తన అమ్మానాన్నల ఇంటి ముందుగదిలో రికార్డు చేశాడు. ఆ సంగతి తెలిశాక ఫిర్యాదు చేయబుద్ధి కాలేదు.

1956 జూన్ 22న ఇది వాయించేనాటికి రోలిన్స్‌కు 25 ఏళ్లు. అప్పట్లో అతనూ రోచ్ వాయిస్తున్న బృందానికి రోచ్‌తో పాటు నాయకుడైన ట్రంపెట్ కళాకారుడు క్లిఫర్డ్ బ్రౌన్ సరిగ్గా నాలుగు రోజుల తర్వాత కారు ప్రమాదంలో చనిపోయాడు. అది చదివిన రోజు నుంచి ఈ హుషారు నాకు వేరేగా వినిపిస్తోంది.

ఇక చివరిది, ‘బ్లూ 7’. 11 నిమిషాలు. విమర్శకులు ఆకాశానికెత్తేది దీన్నే. దీంతో మాత్రం మొదలుపెట్టకండి. నాకే రెండేళ్లు పట్టింది. చిన్న స్వరాల ముక్క ఒకటి ఎక్కడెక్కడ మళ్లీ తేలుతోందో వెతుక్కుంటూ పోవాలి. రోచ్ వంతు వచ్చేసరికి ఇప్పటికీ లెక్క తప్పి, మళ్లీ వెనక్కి తిప్పుతుంటాను.