నల్లమలలో రెండు రోజుల గైడెడ్ యాత్ర: మొదటి రోజుకు నూటికి తొంభై, రెండో రోజుకు ముప్పై

శ్రీశైలం వెళ్లివచ్చే హైదరాబాదీలలో చాలామందికి నల్లమల అంటే కిటికీలోంచి కనిపించే కోతులు, ఘాట్ రోడ్డు మలుపుల్లో తిప్పే కడుపు, అంతే. దారిలో తగిలే అడవిగా కాక, చూడవలసిన చోటుగానే నల్లమలను చూపిస్తామన్న ఒక చిన్న ట్రావెల్స్ సంస్థ వారి యాత్రలో గత నవంబరు చివరన మా అమ్మతో కలిసి వెళ్లాను. మనిషికి 5,500 రూపాయలు. బస, భోజనాలు అందులోనే, సఫారీ టికెట్టు మాత్రం వేరు.

వాహనం చాంద్రాయణగుట్ట నుంచి తెల్లవారుజామున ఐదింటికి, చెప్పిన సమయానికే కదిలింది. డిండి దాటేవరకు ప్రత్యేకంగా చెప్పుకోవలసినదేమీ లేదు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర గైడు నోరు విప్పాక యాత్ర స్వరూపమే మారిపోయింది. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంగా ప్రకటించిన అడవిలో తెలంగాణకు వచ్చిన భాగమే, రాష్ట్ర విభజన తర్వాత, 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ అభయారణ్యం అయిందని, రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు ఈ గేట్లు మూసేది జంతువులు వాహనాల కింద పడకుండా ఉండేందుకేనని ఆయన వివరించారు. అచ్చంపేట ప్రాంతపు మనిషి కావడంతో ఆ మాటల్లో అప్పజెప్పిన పాఠం ధోరణి లేదు.

ఫర్హాబాద్ దగ్గర అటవీ శాఖ జీపు ఎక్కాము. ‘ఫరహ్’ అంటే సంతోషం. నిజాముల కాలంలో వేటకు వచ్చినవారి సంతోషం పేరుగా నిలిచిపోయిన చోట ఇప్పుడు గట్టిగా మాట్లాడినా డ్రైవరు వారిస్తున్నాడు! పులి కనబడలేదు, కనబడుతుందని ముందుగా ఎవరూ మాట ఇవ్వకపోవడం నాకు నచ్చింది. వ్యూ పాయింటు దగ్గర నిలబడి, అడుగున మైదానం పరుచుకున్న చోటు చూపిస్తూ, తేనె, దుంపలు, వేట మీద బతికిన చెంచుల పెంటల (అడవిలోని వారి చిన్న గూడేల) గురించి, 1940లో వారి మధ్య ఉండి అధ్యయనం చేసిన ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ గురించి గైడు దాదాపు గంటసేపు చెప్పారు. మల్లికార్జునుడు చెంచులకు ‘చెంచు మల్లయ్య’ అని, రేపు గుడి ప్రాకారం మీది శిల్పాలు చూపిస్తూ ఆ కథ పూర్తి చేస్తానని కూడా అన్నారు.

మధ్యాహ్నం చూసిన మల్లెల తీర్థంలో నీటిధార సన్నబడింది గానీ, పొరలు పొరలుగా పేర్చినట్టున్న రాతిని చూడటానికి అదే మేలైంది. అక్కడికి సుమారు 350 మెట్లు దిగాలన్న సంగతి బుకింగ్ సమయంలో ఎవరూ చెప్పలేదు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ సగంలో కూర్చుండిపోయింది. పెద్దవాళ్లను తీసుకువెళ్లేవారు ఇది గుర్తుంచుకోవాలి.

రెండో రోజే అసలు నిరాశ. శ్రీశైలంలో మల్లికార్జునుడి దర్శనం క్యూలో నాలుగు గంటలు పోతాయని ఏటా భక్తులను తీసుకెళ్లే సంస్థకు తెలియకపోవడం విచిత్రం. క్యూలోంచి బయటపడేసరికి గైడు పార్కింగు గొడవలో చిక్కుకున్నారు. ఏనుగులు, గుర్రాలు, వేట దృశ్యాలతో నిండిన విజయనగర కాలపు ప్రాకారాన్ని ఇరవై నిమిషాల్లో, చెప్పేవారు లేకుండా చుట్టివచ్చాము. చెంచు మల్లయ్య కథ అక్కడితో ఆగిపోయింది. పాతాళగంగ కార్యక్రమంలో ఉన్నా రద్దు చేశారు. పన్నెండు గేట్లూ మూసి ఉన్న డ్యామును రోడ్డు మీదినుంచే చూపించి, తొమ్మిదిలోపు మన్ననూరు దాటాలంటూ బండిని తరిమారు. ముందురోజు అంత ఓపికగా విన్న గేటు నిబంధనే మమ్మల్ని చివరికి ఉరికించింది.

బస శుభ్రంగా ఉంది, భోజనం పరవాలేదు. దిగేటప్పుడు, గుడిని వదిలేసి మొదటి రోజు కార్యక్రమాన్నే రెండు రోజులకు పొడిగిస్తే మళ్లీ వస్తానని నిర్వాహకుడితో అన్నాను. గుడి లేకుండా నల్లమలకు సీట్లు నిండవండీ అని ఆయన నవ్వారు.