జోలా కోసమైతే పాంథియాన్ కాదు, మెదాన్ వెళ్లండి

ప్యారిస్ వెళ్లే మనవాళ్ల లిస్టులో, ఫ్రాన్స్ ప్రముఖుల సమాధులుండే పాంథియాన్ ఎలాగూ ఉంటుంది. ఫ్రెంచ్ నవలాకారుడు ఎమిల్ జోలా సమాధి అక్కడే, నేలమాళిగలో, తోటి రచయితలు హ్యూగో, డ్యూమాలతో పాటు ఒకే గదిలో. ఐదు నిమిషాల్లో చూసేయొచ్చు. దేశద్రోహి అని అన్యాయంగా శిక్షపడిన యూదు సైనికాధికారి డ్రెఫస్ పక్షాన జోలా 1898లో పత్రిక మొదటి పేజీలో బహిరంగ లేఖ రాసి, దానికి తనకు పడిన శిక్ష తప్పించుకోవడానికి ఇంగ్లండ్ వెళ్లిపోవాల్సి వచ్చింది. 1908లో ఆయన అస్థికలను ఇక్కడికి తెచ్చిన సభలోనే ఒకడు డ్రెఫస్‌పై కాల్పులు జరిపాడు, చేతికి గాయమైంది. ఈ కథ తెలియకపోతే అక్కడ రాళ్లు తప్ప ఇంకేం కనిపించవు.

అసలు చూడాల్సింది ప్యారిస్ దగ్గర మెదాన్ ఊళ్లో జోలా ఇల్లు. ప్యారిస్‌లోని సాఁ లజార్ స్టేషన్‌లో జె లైన్ రైలెక్కి విల్లెన్‌లో దిగి, అరగంట నడవాలి. 1877లో వచ్చిన నవల బాగా అమ్ముడైన డబ్బుతో మరుసటి ఏడాది కొన్న చిన్న ఇల్లు ఇది. తర్వాత 'నానా' నవల డబ్బుతో ఒక టవర్, 'జెర్మినాల్' నవల డబ్బుతో ఇంకోటి లేచాయి. రాతగదిలో పొయ్యి పైన లాటిన్‌లో బంగారు అక్షరాలు: ఒక్క వరుసైనా రాయకుండా ఏ రోజూ పోకూడదని. ఇరవై నవలల మాలిక పూర్తిచేసిన మనిషి కాబట్టి సరిపోయింది! పెద్ద కిటికీలోంచి సెన్ నది, తోట కింద రైలు పట్టాలు. రైలు డ్రైవర్ హీరోగా నవల రాసిన ఆయన ఇంటి కిందే ఇప్పటికీ రైళ్లు పోతున్నాయి. పక్కనే డ్రెఫస్ మ్యూజియం, 2021లో తెరిచారు. గైడెడ్ టూర్ ముందే బుక్ చేసుకోండి. మాకు దొరికిన గైడ్ ఫ్రెంచ్‌లోనే చెప్పుకుపోయారు, ఫోన్‌లో అనువాదం చూస్తూ తలనొప్పి వచ్చింది.

బసకి సాఁ లజార్ చుట్టుపక్కలే మేలు. రైలు దగ్గర, 1902లో కార్బన్ మోనాక్సైడ్ విషవాయువుకి ఊపిరాడక ఆయన చనిపోయిన బ్రస్సెల్స్ వీధి ఇల్లూ నడిచేంత దూరమే. మా హోటల్ గది ఇరుకు. లిఫ్టులో ఒక మనిషి, ఒక పెట్టె పడితే గొప్ప. రేటు మాత్రం తగ్గలేదు.

ఇంకో రోజుంటే ఫ్రాన్స్ ఉత్తరాన డ్వే పట్టణం దగ్గర లెవార్డ్ గని మ్యూజియానికి వెళ్లండి. గని కార్మికుల సమ్మె మీద రాసిన 'జెర్మినాల్' కోసం జోలా 1884లో సమ్మె నడుస్తున్న ఆంజాఁ గనులకు వెళ్లి చూసొచ్చిన బొగ్గు ప్రాంతమే ఇది. కార్మికులు బట్టలు మార్చుకునే హాల్లో గొలుసులకు కట్టిన దుస్తులు, బూట్లు కప్పు దాకా వేలాడుతుంటాయి. తల పైకెత్తి చూస్తే ఉరితీసిన మనుషుల్లా కనిపించి భయమేసింది. సింగరేణి వైపు వాళ్లయితే గైడ్‌ని ప్రశ్నలతో కాసేపు వదలరు. బస్సు కోసం మేం చాలాసేపు నిలబడ్డాం. డ్వే స్టేషన్‌లోనే రాకపోకలకు టాక్సీ మాట్లాడుకోండి.