చిన్న స్కూలు ఆఫీసులో ఎక్సెల్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ముందే తేల్చి చెప్పేస్తాను. స్కూలుకు రేపేం జరుగుతుందో లెక్కవేసి చూసుకోవడానికి ఎక్సెల్‌కు సాటి వచ్చేది నాకు కనబడలేదు. నిన్న జరిగినదాన్ని రికార్డుగా దాచుకోవడానికి మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. చాలా చిన్న స్కూళ్లలో రెండూ దాంతోనే లాగించేస్తారు. కంప్యూటర్లో ఎలాగూ ఉంది, ఇంకో సాఫ్ట్‌వేర్‌కు విడిగా డబ్బు కట్టడం దండగ అనిపిస్తుంది.

ఈ సమీక్ష ఎవరికోసమో కూడా చెప్పాలి. పెద్ద విద్యాసంస్థల్లో అకౌంట్స్ వేరు, జీతాలు వేరు, కొనుగోళ్లు వేరు. మాలాంటి సొంతంగా నడిచే చిన్న స్కూల్లో బిజినెస్ మేనేజర్ అంటే ఫీజు వసూలు, జీతాలు, బస్సు కాంట్రాక్టు, బీమా, కారుతున్న పైకప్పు, కమిటీ మీటింగ్ కాగితాలు, అన్నీ ఒకే కుర్చీ. తోడుగా మరొకరు ఉన్నా వాళ్లు ఫ్రంట్ ఆఫీసులో రశీదులు రాస్తూ, ఫోన్లు ఎత్తుతూ, దెబ్బ తగిలిన పిల్లలకు కట్టు కూడా కడుతుంటారు. స్కూలుకు ఫీజే ఆధారం. అలాంటి చోట పనిచేసేవాళ్లకు ఇది పనికొస్తుంది.

మంచితో మొదలుపెడతాను. ప్రిన్సిపాల్ గారు వచ్చి "మూడో తరగతికి ఇంకో సెక్షన్ తెరవొచ్చాండీ?" అని అడిగారనుకోండి. ఈ ప్రశ్నకు మామూలు అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ జవాబివ్వదు, అది ముఖ్యంగా జరిగిపోయినవి రాసుకోవడానికే. ఎక్సెల్లో పది నిమిషాల పని. ఒక్కో పిల్లాడి ఫీజు 100 అనుకుందాం. టీచరు జీతం, గది నిర్వహణ లాంటివి కలిపి సెక్షన్‌కు 1500. పుస్తకాలు, సామగ్రి కింద తలకు 12. ఫీజులోంచి 12 తీసేస్తే 88 మిగులుతుంది, 1500ని దాంతో భాగిస్తే 18 మంది చేరితే చాలని తేలుతుంది. అందరూ సంతోషిస్తారు. కానీ అన్నదమ్ముల రాయితీ, స్టాఫ్ పిల్లల రాయితీ, స్కాలర్‌షిప్ అన్నీ కలిపి సగటున 10 శాతం పోతుంటే చేతికి వచ్చేది 90. అందులోంచి 12 పోతే 78. ఇప్పుడు 20 మంది కావాలి. ఆ ఇద్దరు పిల్లల తేడా మీదే సెక్షన్ నిలబడటం, పడిపోవడం ఉంటుంది. ఎందుకంటే 17 మంది ఉన్నా 22 మంది ఉన్నా టీచరు జీతం ఒకటే.

గోల్ సీక్ అని ఒకటుంది, వాట్ ఇఫ్ మెనూలో. చివరికి మిగులు సున్నా కావాలంటే ఫీజు ఎంత పెంచాలి అని అడిగితే అదే వెనక్కి లెక్కవేసి చెబుతుంది. కమిటీ వాళ్ల ముందు తెరమీద అంకె మార్చి చూపిస్తే గంటసేపు సాగాల్సిన వాదన ఇట్టే తేలిపోతుంది. (తేలని వాదనలూ ఉంటాయి, అవి లెక్కల గురించి కావు.)

నాకు అన్నిటికన్నా పనికొచ్చిన షీటు నగదు రాకపోకలది. పన్నెండు నెలలకు పన్నెండు కాలమ్‌లు. ఫీజు టర్ముల ప్రకారం ఏడాదికి రెండు మూడుసార్లు గుంపుగా వస్తుంది, జీతాలు మాత్రం నెలనెలా పోతాయి. టర్ము మొదట్లో బ్యాంకు నిల్వ చూస్తే స్కూలు ధనవంతురాలిలా కనిపిస్తుంది. కొత్త కంప్యూటర్లు కొందామా, గేటు మారుద్దామా అని ఆలోచనలు వచ్చేది అప్పుడే. అందుకే నా షీట్లో రెండు వరుసలు పక్కపక్కనే ఉంటాయి: "వచ్చింది", "మనదయింది". వచ్చే ఏడాది సీటుకు ఇప్పుడే కట్టిన ఫీజు వచ్చింది కానీ ఇంకా మనది కాలేదు, పాఠం చెప్పేదాకా అది తల్లిదండ్రులకు మనం బాకీ ఉన్నట్టే. లైబ్రరీకని ఎవరో ఇచ్చిన విరాళమూ అంతే, దాన్ని తీసి పైకప్పుకు పెట్టలేం. ఈ రెండూ పక్కన పెట్టాక మిగిలిన నిల్వలో అన్నిటికన్నా తక్కువ ఏ నెలలో ఉందో మిన్ ఫార్ములాతో పట్టుకుంటాను. ఏడాది మొత్తంలో నేను భయపడేది ఆ ఒక్క గడి చూసే.

ఇక చిక్కులు. ఎక్సెల్‌తో నాకున్న పేచీ అది లెక్క తప్పుతుందని కాదు, లెక్క మారిపోయినప్పుడు నోరు మెదపదని.

బ్యాంకు స్టేట్‌మెంట్ సీఎస్‌వీ ఫైలుగా (కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల ఫైలు) దించుకుని, దానిమీద రెండుసార్లు నొక్కి తెరిచారనుకోండి. మీరు ఇంకా ఏమీ ముట్టుకోకముందే మూడు పనులు జరిగిపోయి ఉండొచ్చు. ఒకటి, 00417 అనే అడ్మిషన్ నంబరు 417 అయిపోతుంది. రెండు, లావాదేవీ నంబరు 15 అంకెలు దాటితే ఆపైవన్నీ సున్నాలైపోతాయి. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా 15 అంకెల దాకానే గుర్తుపెట్టుకుంటుంది. చివరి అంకెల్లో మాత్రమే తేడా ఉన్న ఇద్దరు తల్లిదండ్రుల చెల్లింపులు అచ్చం ఒకటే నంబరుగా కనిపిస్తాయి. మూడోది తేదీలు. బ్యాంకు రోజు ముందు రాసి, కంప్యూటర్ నెల ముందు అనుకునేలా సెట్ అయి ఉంటే, ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అయిపోతుంది. 13 నుంచి పై రోజులకు అలాంటి నెల లేదు కాబట్టి అవి తేదీలుగా మారకుండా ఉత్త అక్షరాలుగా మిగిలిపోతాయి. అంటే ఒకే కాలమ్‌లో సగం తప్పు తేదీలు, సగం తేదీలే కానివి.

దీన్ని కంటితోనే పట్టొచ్చు. ఎక్సెల్ అంకెల్నీ తేదీల్నీ గడికి కుడివైపు, అక్షరాల్ని ఎడమవైపు జరుపుతుంది. కాలమ్‌ను కాస్త వెడల్పు చేసి చూడండి, సగం ఎడమకు సగం కుడికి ఉన్నాయంటే ఆ ఫైలు మూసేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఈసారి రెండుసార్లు నొక్కకుండా, డేటా మెనూలోంచి తెచ్చుకుని, నంబర్ల కాలమ్‌లను టెక్స్ట్ అని ముందే చెప్పాలి. ఆ సౌకర్యం 2016 వెర్షన్ నుంచి లోపలే ఉంది. కొత్తగా చేరేవాళ్లకు మొదటిరోజే ఇది నేర్పిస్తాను, ఫార్ములాల కన్నా ముందు.

అక్షరాలుగా మిగిలిపోయిన అంకెలతో ఇంకో ఇబ్బంది. సమ్ ఫార్ములా వాటిని కలపదు, కలపలేదనీ చెప్పదు. గడి మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం వస్తుంది కానీ వందల వరుసల్లో దాన్ని ఎవరు చూస్తారు? అలాగే ఒక తరగతిని ఫిల్టర్ చేసి కింద సమ్ చూస్తే అది దాచిన వరుసల్నీ కలిపే చెబుతుంది. ఫిల్టర్లో కనబడేవి మాత్రమే కావాలంటే సబ్‌టోటల్ వాడాలి.

వీలుకప్ గురించి రెండు మాటలు. ఒక పేరు ఇస్తే ఇంకో లిస్టులో దాన్ని వెతికి పక్కనున్న అంకె తెచ్చిపెట్టే ఫార్ములా అది. చివర్లో ఫాల్స్ అని రాయకపోతే అది కచ్చితమైన పేరు దొరక్కపోయినా దగ్గర్లో ఉన్నదాన్ని తెచ్చి పెడుతుంది. ఒకరి బకాయి ఇంకొకరి పేరు పక్కన వచ్చి కూర్చుంటుంది, ఎర్రర్ ఏమీ రాదు. ఆ తప్పు బకాయి ఉత్తరం అందుకున్న తల్లిదండ్రులు ఎంత పద్ధతిగా మాట్లాడినా ఆ ఫోన్ కాల్ బాగుండదు. దాని బదులు ఎక్స్‌లుకప్ అనే కొత్త ఫార్ములా వచ్చాక ఈ బాధ పోయింది, అది మామూలుగానే కచ్చితంగా సరిపోయేదాన్నే వెతుకుతుంది. కాకపోతే 2019, అంతకు ముందు వెర్షన్లలో అది లేదు. కమిటీలో ట్రెజరర్ గారి ల్యాప్‌టాప్ పాతదైతే అక్కడ పనిచేయదు.

ఫీజును మూడు వాయిదాలుగా చేసేటప్పుడు 100ను మూడుతో భాగించి రెండు దశాంశాలు చూపిస్తే తెరమీద మూడూ 33.33. లోపల మాత్రం పూర్తి సంఖ్య ఉంటుంది కాబట్టి మొత్తం 100 అనే చూపిస్తుంది. తల్లిదండ్రులు కట్టేది 99.99. ఆ పైసల బకాయి ఏడాదంతా లిస్టులో వేలాడుతూ ఉంటుంది. మొదటి రెండు వాయిదాలకు రౌండ్ ఫార్ములా పెట్టి నిజంగానే 33.33 చేసి, మూడోదాన్ని మొత్తంలోంచి తీసివేతగా పెడితే సరిపోతుంది.

ఇవన్నీ నేర్చుకుంటే దాటగలిగేవి. దాటలేనిది రికార్డు సంగతి. లెడ్జర్లో, అంటే ఖాతా పుస్తకంలో, ఒక పద్దు తప్పు పడితే దాన్ని చెరిపేయం, ఎదురు పద్దు రాసి సరిచేస్తాం. ఇటలీ గణితవేత్త లూకా పాచోలి 1494లో జంట పద్దుల విధానాన్ని (ప్రతి లావాదేవీనీ రెండు ఖాతాల్లో రాసే పద్ధతి) అచ్చువేయించినప్పటి నుంచీ లెక్కలవాళ్ల మర్యాద అదే. ఎక్సెల్లో గడిమీద కొత్త అంకె కొడితే పాతది గల్లంతు. క్లౌడ్‌లో పెడితే వెర్షన్ హిస్టరీ ఉంటుంది, నిజమే. కానీ ఎందుకు, ఎవరి అనుమతితో మార్చారన్నది అందులో ఉండదు. చిన్న స్కూల్లో డబ్బు తీసుకునేది, రాసేది, బ్యాంకుతో సరిచూసేది చాలాసార్లు ఒకే మనిషి. ఏ ఆడిటర్ అయినా ముందు వేలు పెట్టేది అక్కడే. "ఆ కుటుంబం బకాయి ఎవరు మాఫీ చేశారు?" అని రెండేళ్ల తర్వాత ఎవరైనా అడిగితే నిజాయితీగా చేసినవాళ్లను కాపాడేది కూడా మార్పుల తాలూకు ఆ జాడే. అందుకే రశీదులు, లెడ్జర్, జీతాలు మూడింటినీ నేను ఎక్సెల్ నుంచి తీసేసి మామూలు అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాను. మారే టర్ములో రెండుచోట్లా రాయడం నరకమే. అయినా దానికి దగ్గరి దారి లేదు.

దాచిన షీట్ల విషయంలో ఇంకా గట్టిగా చెబుతాను. బడ్జెట్ ఫైల్లో జీతాల షీటును హైడ్ చేసి కమిటీకి మెయిల్ చేయడం చాలామందికి అలవాటు. హైడ్ చేయడమంటే తాళం వేయడం కాదు, కుడి క్లిక్ చేసి ఎవరైనా తెరవొచ్చు. షీట్ ప్రొటెక్షన్ కూడా పొరపాటున చెరిగిపోకుండా కాపాడేందుకే తప్ప రహస్యాలు దాచేందుకు కాదు. 2023 ఆగస్టులో ఉత్తర ఐర్లాండ్ పోలీసు విభాగం ఒక సమాచార హక్కు దరఖాస్తుకు జవాబుగా ఇచ్చిన స్ప్రెడ్‌షీట్‌లో దాగున్న షీటు వల్ల 9,483 మంది సిబ్బంది వివరాలు ఇంటర్నెట్‌కెక్కాయి. వాళ్లకే తప్పనిది మన ఆఫీసులో జరగదని ఎలా అనుకుంటాం? బయటికి పంపేది పీడీఎఫ్ చేసి పంపండి, లేదా అంకెల్ని కొత్త ఫైల్లోకి విలువలుగా మాత్రమే అతికించండి. ఫైలు తెరవడానికే పాస్‌వర్డ్ పెట్టడం వేరే సంగతి, అది నిజంగా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది.

పరిమాణం మనకు సమస్య కాదు. ఒక షీట్లో 10,48,576 వరుసలు పడతాయి, ఏ చిన్న స్కూలూ అక్కడిదాకా పోదు. కాకపోతే పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్లు ఎక్కడైనా మిగిలి ఉంటే కొత్త రకంలోకి మార్చుకోండి, వాటి హద్దు 65,536. 2020లో ఇంగ్లండ్‌లో దాదాపు 16,000 కోవిడ్ కేసులు లెక్కలోంచి జారిపోయింది ఆ పాత రకం ఫైలు నిండిపోయే. అక్కడా అదే కథ, నోరు మెదపలేదు.

వారసత్వం సంగతి కూడా చూసుకోవాలి. ఒక్కరే కట్టిన ఫైలు వాళ్ల బుర్రలోనే ఉంటుంది, వాళ్లు సెలవు పెడితే స్కూలే సెలవు పెట్టినట్టు. నా ప్రతి ఫైల్లో మొదటి షీటు పేరు "ఇది చదవండి". మనం చేత్తో కొట్టాల్సిన గడులు లేత పసుపు, ఫార్ములాలకు రంగు లేదు. ఫీజు రేట్లు, రాయితీ శాతాలు ఒక్కచోటే ఉంటాయి, ఫార్ములాల మధ్యలో 0.9 అని ఎక్కడా రాయను. లిస్టులన్నీ కంట్రోల్ టీ కొట్టి టేబుల్‌గా మార్చినవే, దాంతో కింద కొత్త పిల్లాడిని చేర్చగానే మొత్తంలో తనూ కలుస్తాడు.

గూగుల్ షీట్స్ సరిపోదా అని అడుగుతారు. ఇద్దరు ముగ్గురు కలిసి రాసే లిస్టులకు, అంటే బస్సు రూట్లు, యూనిఫాం కొలతలు, హాజరు లాంటివాటికి అదే హాయి, నేనూ వాడుతున్నాను. బడ్జెట్‌కు మాత్రం ఎక్సెల్ వదల్లేదు. ఫోన్‌లో ఎక్సెల్ యాప్ మీటింగులో ఒక అంకె చూసి చెప్పడానికి బాగుంటుంది, అందులో టైపు చేయడం మాత్రం పెట్టుకోకండి. వేలు జారి పక్క గడిలో పడిందని సాయంత్రం దాకా తెలియదు.