"ఒరిజినల్ ఫస్ట్ ప్రెస్" జాజ్ ఎల్పీల లాట్: నల్గొండ, పాలమూరు వాళ్ళు పైసలు కొట్టే ముందు ఇది చదవండి

హైదరాబాద్‌లో ఏదో పాత బంగళా ఖాళీ చేస్తుంటే బయటపడ్డ ఫస్ట్ ప్రెస్‌లు, అంటే మొదట విడుదలైనప్పుడే అచ్చయిన కాపీలు అంటూ, ఒక జాజ్ రికార్డుల లాట్ కొన్నాళ్ళుగా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్లలో తెప్పించుకున్నవాళ్ళు ఇప్పటికే ఉన్నారు. ఒక్కో ఎల్పీకి (పెద్ద వినైల్ రికార్డుకు) నాలుగు వేల నుంచి తొమ్మిది వేల దాకా చెబుతున్నారు. మొత్తం ముందే యూపీఐలో కొట్టాలి, వాపసు లేదు, వచ్చి చూస్తామంటే ఒప్పుకోరు. చేతికొచ్చిన సరుకు మాత్రం మూడు రకాలు: నిన్నమొన్నటి రీప్రింట్లు, అట్ట ఒకటి రికార్డు ఒకటి అయిన జతలు, నూనె రాసి మెరిపించిన అరిగిపోయిన రికార్డులు. అమ్మేవాడు నంబరూ మారుస్తున్నాడు, పేరూ మారుస్తున్నాడు. అందుకే మనిషిని వెతకడం మానేసి సరుకును గుర్తుపట్టడం నేర్చుకుంటేనే లాభం.

ఈ లాట్‌లో అందరూ ఎగబడేది శాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ 'బ్లూ ట్రేన్'. బ్లూ నోట్ కంపెనీది, నంబరు 1577, రికార్డయింది 1957 సెప్టెంబరు 15న. పంపే ఫోటోలో లేబుల్ మీద "47 వెస్ట్ 63వ వీధి, న్యూయార్క్" అన్న చిరునామా కనబడుతుంది. అది చూపించే "యాభైల నాటి సరుకు" అంటున్నారు. ఆ చిరునామా నిజంగానే అప్పటి లేబుల్ మీదిదే, అందులో అబద్ధం లేదు. కాకపోతే ఈమధ్య వస్తున్న రీప్రింట్లు కూడా అదే లేబుల్‌ని అచ్చు గుద్దినట్టు వేస్తున్నాయి. లేబుల్ కాగితమే కదా, దాని మీద ఏదైనా అచ్చేయొచ్చు. చూడాల్సింది ఆఖరి పాటకీ లేబుల్‌కీ మధ్యనున్న నున్నటి పట్టీని. డెడ్ వ్యాక్స్ అంటారు దాన్ని.

అసలు రికార్డయితే ఆ పట్టీలో రెండు గుర్తులుండాలి. ఒకటి, ఆర్‌వీజీ అన్న మూడక్షరాలు, చేత్తో గీసినవో ముద్ర కొట్టినవో. అది రూడీ వాన్ గెల్డర్ సంతకం. ఆయన 1959 దాకా న్యూజెర్సీలోని హ్యాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ఇంటి ముందు గదిలోనే ఇవన్నీ రికార్డు చేశాడు, అచ్చుకు మూలమైన పలక మీద గాడి చెక్కే కటింగ్ కూడా ఆయనదే. రెండోది, చెవి ఆకారంలో చిన్న గీత. అది నిజానికి ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీ వాళ్ళ ఇంగ్లిష్ 'పి' అక్షరం, కొనేవాళ్ళు మాత్రం 'చెవి' అనే అంటారు. బ్లూ నోట్ లిబర్టీ కంపెనీ చేతికి వెళ్ళాక 1966లో ప్లాస్టిలైట్ ప్రెస్సింగ్ ఆగిపోయింది. కాబట్టి ఆర్‌వీజీ ఉండి చెవి లేకపోతే సాధారణంగా అది 1966 తర్వాత పాత స్టాంపర్లతో (రికార్డును నొక్కే లోహపు అచ్చులతో) కొట్టిన రికార్డు. వినడానికి చాలా బాగుంటుంది, ధర మాత్రం ఫస్ట్ ప్రెస్ ధర కాదు. రెండూ లేకపోతే ఇక మాట్లాడే పనే లేదు. యాభైల నాటి ప్రెస్సింగులకు లేబుల్ మీద, అంచుకు కాస్త లోపలగా, గోరు ఆనేంత లోతుగా గుండ్రటి గాడి కూడా ఉంటుంది. అరవైల్లో కొన్నిటికి ఉంటుంది, కొన్నిటికి ఉండదు, అందుకని అదొక్కటే చూసి తేల్చకండి.

ఫోటో ఎలా అడగాలంటే: ఫ్లాష్ ఆపేసి, రికార్డును నల్లటి గుడ్డ మీద పెట్టి, ఇంకో ఫోన్ టార్చ్‌ని పక్కనుంచి దాదాపు పడుకోబెట్టి వేయమనండి. రికార్డును పావు వంతు చొప్పున తిప్పుతూ ఒక్కో వైపు నాలుగు ఫోటోలు. పక్కన చిన్న కాగితం మీద ఆ రోజు తేదీ, మీ ఇంటిపేరు రాసి పెట్టమనండి, నెట్‌లో ఎత్తుకొచ్చిన ఫోటోలు అక్కడే ఆగిపోతాయి. ఇది ఐదు నిమిషాల పని. "టైం లేదు సార్, ఇంకో పార్టీ రెడీగా ఉంది" అన్న జవాబు వస్తే ఆ ఇంకో పార్టీకే ఇచ్చేయమనండి.

అట్ట వెనక బార్‌కోడ్ ఉంటే అది యాభైల నాటి సరుకు కాదు, అప్పటికి సరుకుల మీద బార్‌కోడ్లే లేవు. వెబ్‌సైట్ చిరునామా, "180 గ్రాములు" అన్న ముద్ర ఉన్నా అంతే. బార్‌కోడ్ ఉన్న మూల మీద ధర స్టిక్కరో, పాత లైబ్రరీ ముద్రలాంటిదో అతికించి ఫోటో తీస్తున్నారు. స్టిక్కర్ లేని ఫోటో అడగండి.

ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' దగ్గర ఇంకో మెలిక ఉంది. కొలంబియా వాళ్ళు 1959 ఆగస్టు 17న విడుదల చేశారు. మోనో (ఒకే చానెల్) నంబరు సీఎల్ 1355, స్టీరియో (రెండు చానెళ్ళు) సీఎస్ 8163. అప్పటి ఎర్ర లేబుల్ మీద కుడివైపు మూడు, ఎడమవైపు మూడు కళ్ళలాంటి గుర్తులుంటాయి. రెండే కళ్ళుంటే అరవైలది, లేబుల్ చుట్టూ కంపెనీ పేరు పసుపు రంగులో తిరిగి ఉంటే డెబ్బైలదీ ఆ తర్వాతదీ. తొలి కాపీల్లో రెండో వైపు రెండు పాటల పేర్లు ముందువెనకలుగా అచ్చయ్యాయి. ఆ తప్పు లేకపోతే అది తొలి కాపీ అవునా అని అనుమానించాలి. ఇంకో సంగతి: మార్చి 2న రికార్డు చేసిన యంత్రం కాస్త నెమ్మదిగా తిరగడంతో మొదటి వైపు మూడు పాటలూ ఎల్పీ మీద కొంచెం వేగంగా, కొంచెం పై శ్రుతిలో వినబడతాయి. 1990ల్లోగానీ దాన్ని సరిచేయలేదు. కాబట్టి దాచుకోవడానికి కాక వినడానికే కొనేవాళ్ళకు, వేగం సరిచేసిన మంచి రీప్రింటే మేలని మా అభిప్రాయం. రీప్రింట్ కొనడంలో నామోషీ ఏమీ లేదు. రీప్రింట్‌ని ఒరిజినల్ ధరకు కొనడమే ఆగం కావడం.

రీప్రింట్లలోనూ తేడాలున్నాయి. యూరప్‌లో 1963కు ముందు విడుదలైన రికార్డింగుల హక్కుల గడువు అయిపోయింది. అందుకని అక్కడ ఎవరైనా వాటిని అచ్చేసి అమ్మొచ్చు. వీటిలో చాలావాటికి అసలు టేపు దొరకదు, సీడీ నుంచో మరో డిజిటల్ కాపీ నుంచో తీసి కొడతారు. కవర్ తళతళలాడుతుంది, తాళాల మోత మాత్రం చప్పగా, రేకు చప్పుడులా వస్తుంది. లాట్‌లోని "ఇంపోర్టెడ్" ఎక్కువగా ఇవే.

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1920ల పాటలు "స్టీరియో"లో ఉన్నాయని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. స్టీరియో ఎల్పీలు మార్కెట్లోకి వచ్చిందే 1957-58లో. అరవైల్లో పాత మోనోని సాగదీసి రెండు చానెళ్ళుగా చేసి అమ్మారు. అట్ట మీద "ఎలక్ట్రానికల్లీ రీచానెల్డ్" అని సన్నగా ఉంటుంది. గొంతు ఒక పక్క, దాని ప్రతిధ్వని ఇంకో పక్క. తలనొప్పి.

ఇప్పుడు నూనె సంగతి. అరిగిన రికార్డు బూడిద రంగుకు తిరుగుతుంది. దాన్ని కప్పడానికి కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె, కారు డాష్‌బోర్డు పాలిష్, ఏది దొరికితే అది రాస్తున్నారు. ఫోటోలో నల్లగా నిగనిగలాడుతుంది. మొదటిసారి పెడితే చిటపటలు తగ్గినట్టే ఉంటుంది కూడా, అక్కడే మోసపోతారు. రెండుమూడు సార్లు వాయించేసరికి నూనెలో దుమ్ము కలిసి జిగురవుతుంది, ముల్లు కొసన నల్లటి ఉండ కడుతుంది, తాళాల చప్పుడు మొద్దుబారుతుంది. పార్శిల్ రాగానే తెల్లటి టిష్యూ మడిచి గాళ్ళ వెంబడి ఒక చుట్టు తిప్పండి. మరక పారదర్శకంగా దిగితే నూనె రాశారని ఖాయం. పొడి దుమ్మయితే బూడిదగా వస్తుంది.

నూనె కప్పేశాక అరుగుదల కళ్ళకు దొరకదు, చెవులకే దొరుకుతుంది. ఒకప్పటి క్రిస్టల్, సిరామిక్ ప్లేయర్ల ముల్లు ఐదు గ్రాముల పైన బరువు పెట్టేది. ఇప్పుడు పదివేలలోపు దొరికే సూట్‌కేసు ప్లేయర్లలో చాలావాటి సంగతీ దాదాపు అంతే. మంచి మ్యాగ్నెట్ కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించే భాగం) రెండు గ్రాముల చుట్టూ సరిపెట్టుకుంటుంది. ఆ ఐదు గ్రాముల బరువు కింద నలిగిన గాడిలో ట్రంపెట్ గట్టిగా పలికిన చోట, అదీ లేబుల్‌కు దగ్గరి ఆఖరి పాటలో, బరబరమని చీలుతుంది. ఎంత కడిగినా అది పోదు. అందుకే వాయిస్తున్న వీడియో అడిగితే మొదటి పాటది కాదు, ప్రతి వైపూ ఆఖరి పాటలో గట్టిగా పలికే నిమిషం అడగండి. పియానో ఒంటరిగా నెమ్మదిగా సాగే చోటు ఇంకో ముప్పై సెకన్లు. "వీజీ ప్లస్" (చాలా బాగుంది అనే గ్రేడు) అని రాసి పంపితే చూసి ఇచ్చిన గ్రేడా, విని ఇచ్చిన గ్రేడా అని అడగాలి.

నూనె పట్టిన రికార్డు కడగాలనుకుంటే మన బోరు నీళ్ళు వాడకండి. నల్గొండ నీళ్ళ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ మాట అటుంచినా, ఆ సున్నపు ఉప్పు గాడిలో ఆరిపోతే తెల్లటి పొరై చిటపటలు ఇంకా పెరుగుతాయి. సీలు వేసిన డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. మెకానిక్ దగ్గర డబ్బాలో లూజుగా పోసేది వద్దు, అందులో యాసిడ్ కలిసి ఉండొచ్చు. 800 మిల్లీలీటర్ల నీళ్ళకు 200 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే స్పిరిట్, రెండు చుక్కల గిన్నెల సబ్బు. లేబుల్ తడవకుండా, మెత్తని గుడ్డతో గాడి వెంబడే గుండ్రంగా తుడిచి, మళ్ళీ ఉత్త డిస్టిల్డ్ నీళ్ళతో కడిగి, నీడలో నిలబెట్టి ఆరనివ్వాలి. ఫ్యాను కింద పెడితే దుమ్మంతా దాని మీదే.

ఇదే ద్రావణం 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) పాత రికార్డు మీద పోస్తే మాత్రం దాన్ని చేజేతులా పాడుచేసుకున్నట్టే. అవి లక్కతో చేసినవి, స్పిరిట్ తగిలితే లక్క కరుగుతుంది. వాటికి డిస్టిల్డ్ నీళ్ళు, ఒక చుక్క సబ్బు చాలు, నానబెట్టకూడదు. 78లకు 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ముల్లు కావాలి. ఎల్పీల 0.7 మిల్ ముల్లు ఆ వెడల్పు గాడిలో అడుగున పడి బురబురలు తప్ప ఏమీ వినిపించదు. లాట్‌తో పాటు "యాంటిక్ హెచ్‌ఎంవీ" అని ఇత్తడి కొమ్ము గ్రామఫోన్ కూడా అంటగడుతున్నారు. అలాంటివి చాలావరకు కొత్తగా అతికించినవే. దాని మీద ఎల్పీ పెట్టారో, ఒక్కసారికే గాడి చిరిగిపోతుంది.

మన దగ్గర నిజంగా దొరికేవి ఎక్కువగా కలకత్తా డమ్ డమ్ ఫ్యాక్టరీ ప్రెస్సింగులు. అట్ట వెనక అడుగున గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా అని ఉంటుంది. కాస్త చప్పుడు ఎక్కువైనా సంగీతం అదే. వాటికి దిగుమతి సరుకు ధర పెట్టకండి, అంతే.

ఏప్రిల్, మే నెలల్లో అసలు తెప్పించకపోవడమే మంచిది. 60 డిగ్రీలు దాటితే వినైల్ మెత్తబడుతుంది. జాతీయ రహదారి మీద మధ్యాహ్నం ఆగిన మూసిన వ్యాను లోపల అంత వేడి కష్టమేమీ కాదు. ఆ పార్శిల్‌లోంచి వచ్చిన ఎల్పీ అంచు జొన్నరొట్టెలా లేచి ఉంటుంది, మళ్ళీ సమం చేయడం కష్టం. రికార్డును అట్టలోంచి తీసి విడిగా పెట్టి, రెండు వైపులా గట్టి అట్టముక్కలు వేసి కట్టమని ముందే చెప్పండి. లోపలే ఉంచి పంపితే కుదుపులకు రికార్డు అంచే అట్ట కుట్టును చీలుస్తుంది. పార్శిల్‌ని చిరునామా కాగితం కనబడేలా మొదలుపెట్టి ఆపకుండా వీడియో తీస్తూ విప్పండి. తర్వాత రికార్డును అద్దం పలక మీద పెట్టి పక్కనుంచి చూడండి.

ఇప్పటికే పైసలు పంపినవాళ్ళకు ఒక మాట. "రిఫండ్ ఇస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని కాల్ వస్తోంది. పైసలు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొడితే పోతాయి. సరుకే రాకపోయినా, క్యూఆర్ కాల్‌లో పైసలు పోయినా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత ఆలస్యమైతే అంత కష్టం. సరుకు వచ్చి అది వేరేదైతే, వ్యాపారంగా అమ్మేవాళ్ళ మీద వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫిర్యాదు ఫీజు లేదు. చాట్ తుడిచేయకండి. "ఫస్ట్ ప్రెస్" అని వాళ్ళు రాసిన మెసేజ్, విప్పిన వీడియో, డెడ్ వ్యాక్స్ ఫోటో, యూపీఐ లావాదేవీ నంబరు, ఈ నాలుగూ ఒకచోట పెట్టుకుని వెళ్ళండి.