పాత రికార్డులన్నీ ఎక్కించాలా, ముఖ్యమైనవి చాలా?

క్లినిక్‌లో రికార్డుల సాఫ్ట్‌వేర్ మారుస్తుంటే ముందు వచ్చే ప్రశ్న ఇదే. పేషెంట్ల డేటా మొత్తం కొత్తదాంట్లోకి ఎక్కించడం ఒక దారి. అలర్జీలు, వాడుతున్న మందులు, దీర్ఘకాలిక జబ్బులు, టీకాలు, ఈమధ్య రిపోర్టులు మాత్రం ఎక్కించి, మిగతాది చూడ్డానికి మాత్రమే వీలయ్యే ఆర్కైవ్‌లో ఉంచడం రెండోది.

ఖర్చు: మొత్తం అయితే ముందే పెద్ద బిల్లు. కొంతే అయితే తక్కువ, కానీ ఆర్కైవ్‌కు కడుతూ ఉండాలి.

శ్రమ: మొదటిదాంట్లో ప్రతి ఫీల్డూ ఎక్కడికి వెళ్లాలో చూసుకోవాలి. రెండోదాంట్లో డాక్టర్ రెండు స్క్రీన్ల మధ్య తిరగాలి, విసుగే.

రిస్క్: అసలు తలనొప్పి ఇక్కడే. 03/04 అనే తేదీని ఒక సిస్టమ్ ఏప్రిల్ 3 అనుకుంటే ఇంకొకటి మార్చి 4 అనుకుంటుంది. ‘పెన్సిలిన్ పడదు’ అని నోట్స్‌లో రాసి ఉంటే, కొత్తదాంట్లోనూ అది నోట్స్‌లోనే పడి ఉంటుంది. అలర్జీ గడి ఖాళీ కాబట్టి మందు రాసేటప్పుడు హెచ్చరిక రాదు. ఎఫ్‌హెచ్‌ఐఆర్ (ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి వైద్య డేటా పంపడానికి పెట్టుకున్న పద్ధతి) లాంటి ప్రమాణాలున్నా ఇవి వాటంతట అవి సర్దుకోవు. ఏ దారిలో వెళ్లినా కొందరి ఫైళ్లు పాత, కొత్త స్క్రీన్లు పక్కపక్కన పెట్టి చూడాల్సిందే, ఎక్కువ మందులు వాడేవాళ్లవి ముందు. పాతదాంట్లో, కొత్తదాంట్లో రికార్డుల సంఖ్య ఒకటే అయినంత మాత్రాన సంబరపడొద్దు.

డేటా తక్కువగా, శుభ్రంగా ఉన్న చిన్న క్లినిక్ మొత్తం మార్చేయొచ్చు. కిడ్నీ, క్యాన్సర్ లాంటి ఏళ్ల చరిత్ర కావాల్సిన చోట కూడా అంతే. డూప్లికేట్లతో నిండిన ఇరవై ఏళ్ల డేటా అయితే నా ఓటు రెండోదానికే. పాత కంపెనీ కాంట్రాక్ట్ మాత్రం, డేటా చేతికొచ్చి తెరిచి చూసేదాకా రద్దు చేయకండి.